చేలో కాలికి తోలు బూటే కాపలా

రాత్రి పదింటికి కరెంటొచ్చింది. మోటారు వెయ్యాలి. చేతిలో టార్చి ఉంది, భుజాన తువ్వాలుంది. కాళ్లకు మాత్రం హవాయి చెప్పులు. గట్టు మీద గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. మనలో చాలామంది చేనుకు వెళ్లేది ఇలాగే. ఏమీ కానన్నాళ్లు ఏమీ కాదు. అయిన రోజున ఆ ఇల్లే గుల్లవుతుంది.

2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారు. ఏటా సగటున 58 వేల మంది! ఎక్కువమంది పల్లెవాసులే. దాదాపు సగం మరణాలు జూన్-సెప్టెంబరు మధ్యే జరిగాయి. అంటే మనం ఖరీఫ్ పనుల్లో మునిగి ఉండే రోజుల్లోనే. మరణాలు అధికంగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో, తెలంగాణను కలుపుకొని లెక్కించిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

కాట్లలో ఎక్కువ పడేది కాళ్ల మీదే. చీలమండ దాటి వచ్చే మందపాటి తోలు బూటు పాము కోరకూ మన కాలికీ మధ్య అడ్డుగోడ. అన్ని కాట్లనూ ఆపుతుందని చెప్పలేం. రక్తపింజరి పిక్క దాకా అందుకోగలదు. అయినా హవాయి చెప్పుతో పోలిస్తే ఎంతో నయం. తేలు, తుమ్మముల్లు, పత్తి కొయ్యలు, కంది మోళ్ల నుంచీ కాపాడుతుంది. చేనుకూ, మార్కెట్ యార్డుకూ, మోటారు సైకిలు మీద టౌనుకూ ఒకటే జత సరిపోతుంది. కాకపోతే కొనేటప్పుడు కాస్త చూసుకోవాలి.

తోలేనా? రెగ్జినా?

షోకేసులో రెండూ ఒకేలా మెరుస్తాయి. బూటు మెడ దగ్గర కోసిన అంచును చూడండి. తోలయితే పీచుపీచుగా ఉంటుంది. రెగ్జిన్ అయితే పైన నున్నటి పొర, కింద బట్ట నేత కనిపిస్తాయి. బొటనవేలితో నొక్కితే తోలు మీద సన్నని ముడతలు పడి, వేలు తీయగానే పోతాయి. తోలులోనూ తేడాలున్నాయి. జంతువు చర్మంలోని పై పొరను చెక్కకుండా వాడిన తోలును ఫుల్ గ్రెయిన్ అంటారు. ఎక్కువ కాలం మన్నేది ఇదే. అడుగు పొరను చీల్చి పైన రంగు పూతేసిన తోలు చవకగా వస్తుంది గానీ, పూత పగిలాక నీళ్లు పీలుస్తుంది.

వెనకటికి మన ఊళ్లలో తంగేడు చెక్క, కరక్కాయలతో తోలును పదును చేసేవారు. అది గట్టిగా ఉంటుంది, అట్టకు బాగా పనికొస్తుంది. కానీ తడిసి గబగబా ఆరితే బిరుసెక్కి పగులుతుంది. నేటి బూట్లలో పైతోలు ఎక్కువగా క్రోమియం లవణాలతో పదును చేసినదే. మెత్తగా ఉంటుంది, తడిని కొంత తట్టుకుంటుంది. రోజూ వేసుకునే బూటుకు పైన ఇదే మేలు.

మెడ, నాలుక, ముందు భాగం

బూటు మెడ కనీసం ఆరంగుళాలు ఉండాలి. లేసుల కింది నాలుకను రెండు వైపులా పైతోలుకు కలిపి కుట్టారా, లేదా చూడండి. కుడితే మట్టి, పల్లేరుకాయలు లోపలికి పోవు. మోటారు సైకిలు నడిపేవారికి గేరు రాడ్డు తగిలి ఎడమ బూటు ముందు తోలు తొందరగా అరుగుతుంది. అక్కడ రెండు పొరలుంటే మంచిది. ట్రాక్టరు పని, బస్తాల పని ఎక్కువగా ఉన్నవారు వేళ్ల మీద ఇనుప టోపీ ఉన్న బూట్లు తీసుకోవచ్చు. వీటికి ఐఎస్ 15298 అనే ప్రమాణం ఉంది. ఆ నంబరు, ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి. బరువెక్కువ గనుక రోజంతా నడిచేవారికి అవసరం లేదు.

అట్టలోనే ఉంది ఆయుష్షు

పీయూ అట్ట తేలిక, మెత్తన. అయితే గాలిలోని తేమకు లోలోపలే చివికిపోతుంది. కొన్నేళ్లు వాడకుండా అటక మీద పెట్టినా, ఒకరోజు వేసుకునేసరికి పొడిపొడిగా రాలుతుంది. పాత సరుకు సగం ధరకే ఇస్తామంటే సంబరపడకండి. తయారైన నెల, సంవత్సరం చూడండి. రబ్బరు అట్ట బరువే గానీ ఎక్కువకాలం వస్తుంది. అంటించి వదిలేసిన అట్ట కంటే చుట్టూ కుట్టిన అట్ట నయం. అరిగితే చెప్పులు కుట్టే ఆయన దగ్గర కొత్తది వేయించుకోవచ్చు. అట్ట మీద గాట్లు లోతుగా, ఎడంగా ఉండాలి. సన్న గాట్లయితే నల్లరేగడి బంక పట్టి అడుగు తీసి అడుగెయ్యలేం.

కొలత సాయంత్రం చూసుకోండి

రోజంతా తిరిగితే పాదాలు కాస్త ఉబ్బుతాయి. అందుకే సాయంత్రం పూట, మేజోళ్లు తొడుక్కుని రెండు కాళ్లకూ వేసి చూడండి. వేళ్ల ముందు బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉండాలి. నడిస్తే మడమ జారకూడదు. "వాడగా వాడగా సాగుతుందిలే" అని దుకాణదారు అన్నా బిగుతు బూటు తీసుకోవద్దు. షుగరు ఉన్నవారికి పాదంలో స్పర్శ తగ్గవచ్చు. చిన్న ఒరిపిడి కూడా తెలియకుండానే పుండవుతుంది. వారు రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవాలి.

ఇంకోమాట. కలుపు తీసేది, పత్తి ఏరేది ఎక్కువగా ఆడవాళ్లే. బూట్లు మాత్రం మగవాళ్లకే కొంటాం. మీ పాత జత ఆమెకిచ్చి సరిపెట్టకండి. వదులు బూటు కాలు మడతపడేలా చేస్తుంది. ఆమె కొలతకు తగ్గదే కొనండి.

ఈ పనులకు తోలు వద్దు

పురుగు మందు కొట్టేటప్పుడు తోలు బూట్లు వేసుకోకండి. తోలు మందును పీల్చుకుంటుంది, కడిగినా పోదు. ఆ తర్వాత వేసుకున్నప్పుడల్లా కాలికి తగులుతూనే ఉంటుంది. మందుకు గమ్ బూట్లే వాడాలి, ప్యాంటు అంచు బూటు మీదుగా వదలాలి. దమ్ము చేసిన మడిలోకీ తోలు బూటు పనికిరాదు. రబ్బరు అట్ట ఉంది కదా అని తడి చేతులతో స్టార్టరు ముట్టుకోవద్దు. కరెంటు నుంచి కాపాడే బూటు కాదిది.

ఇలా చేస్తే మన్నుతుంది

ఇంటికి రాగానే మట్టి దులిపి తడిగుడ్డతో తుడవండి. తడిస్తే లోపల పాత పేపర్లు కుక్కి నీడన ఆరబెట్టండి. పొయ్యి దగ్గరా, మండుటెండలోనూ పెడితే తోలు పగులుతుంది. నెలకోసారి రెండు చుక్కల ఆముదం గుడ్డ మీద వేసి పలుచగా రాయండి. యూరియా బస్తాల పక్కన పెట్టకండి. పొద్దున వేసుకునే ముందు బోర్లించి గట్టిగా కొట్టండి. రాత్రి లోపల తేలో, పామో చేరి ఉండొచ్చు.

ఇంత చేసినా కాటు పడితే

బూటు, పట్టీలు, మెట్టెలు వెంటనే తీసేయండి. కాలు వాచాక అవి బిగుసుకుంటాయి. కత్తితో కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం చేయకండి. మనిషిని నడిపించకుండా, కాలు కదలనీయకుండా 108కి ఫోన్ చేసి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. విరుగుడు మందు ఉండేది అక్కడే, మంత్రగాడి దగ్గర కాదు.

లాడాలు కొట్టించందే ఎద్దును రోడ్డెక్కించని రైతు తన కాళ్ల సంగతి మాత్రం పట్టించుకోడు. ఈసారి విత్తనాలకు టౌనుకు వెళ్లినప్పుడు ఇంట్లో చేనుకు వెళ్లేవారెందరో లెక్కేసుకుని, అన్ని జతల కొలతలూ రాసుకుని వెళ్లండి.