తోడు పెట్టినంత జాగ్రత్త

రాత్రి పాలు తోడు పెట్టేటప్పుడు మనం ఎంత జాగ్రత్తపడతాం! చెంచాడు మంచి తోడు వేస్తే గిన్నెడు పెరుగవుతుంది. ఆ తోడే చెడిందా, గిన్నెడు పాలూ పాడే. నేర పరిశోధనలో డి.ఎన్.ఎ. పరీక్ష చేసేవారి పని కూడా ఇలాంటిదే.

రక్తపు చుక్కలోనూ, ఉమ్మిలోనూ, వెంట్రుక కుదురులోనూ డి.ఎన్.ఎ. ఉంటుంది. అందులో సగం తల్లిది, సగం తండ్రిది. అచ్చు ఒకేలా ఉండే కవలలకు తప్ప, ఏ ఇద్దరికీ అది ఒకటిగా ఉండదు. దీంతో మనిషిని పోల్చవచ్చని 1984లో ఇంగ్లండులో అలెక్ జెఫ్రీస్ కనుక్కున్నారు. తర్వాత మన హైదరాబాదు సి.సి.ఎం.బి.లో డాక్టర్ లాల్జీ సింగ్ స్వదేశీ పద్ధతిని రూపొందించారు.

నేరం జరిగిన చోట దొరికేది చాలా కొంచెం. యంత్రంలో పెట్టి దాన్ని 30 సార్లు రెట్టింపు చేస్తే, లెక్క ప్రకారం ఒకటి వంద కోట్లు దాటుతుంది. అయితే పరాయిది కాస్త కలిసినా అదీ అలాగే పెరుగుతుంది!

జర్మనీలో ఏమైందో వినండి. 2007లో హైల్‌బ్రాన్‌లో ఒక మహిళా పోలీసు హత్యకు గురైంది. అక్కడ దొరికిన స్త్రీ డి.ఎన్.ఎ. దాదాపు 40 నేరస్థలాల్లో కనబడింది. ఏళ్ళ తరబడి గాలించారు. తీరా 2009లో తేలిందేమిటి? అది నమూనాలు తీసే దూదిపుల్లల తయారీలో పనిచేసిన ఒకావిడది! పుల్లల్లో క్రిములు పోయాయిగాని డి.ఎన్.ఎ. పోలేదు.

అందుకే ఈ ఉద్యోగానికి చదువొక్కటే చాలదు. బి.ఎస్సి. తర్వాత ఫోరెన్సిక్ సైన్సులోనో జన్యుశాస్త్రంలోనో ఎం.ఎస్సి. చేయడం మామూలు దారి. గాంధీనగర్‌లో దీనికోసం 2020 నాటి చట్టంతో ఏర్పడిన జాతీయ విశ్వవిద్యాలయం కూడా ఉంది. ఆ పైన లేబొరేటరీలో అసలు శిక్షణ. తడి బట్టను ఆరబెట్టి కాగితపు కవరులో పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో పెడితే బూజు పడుతుంది. నమూనా చేతులు మారినప్పుడల్లా సంతకం ఉండాలి. పరీక్షతోపాటు ఏమీ వేయని ఖాళీ గొట్టాన్ని కూడా నడుపుతారు. అందులో ఏదైనా కనిపిస్తే ఎక్కడో కల్తీ జరిగిందన్నమాట. పరీక్ష చేసేవారి సొంత డి.ఎన్.ఎ. కూడా రికార్డులో ఉంచుతారు. కోర్టులో ప్లీడర్ల ప్రశ్నలకు తేలిక మాటల్లో జవాబు చెప్పడం నేర్పుతారు. మరక ఎవరిదో చెప్పగలరుగాని, అది అక్కడికి ఎలా వచ్చిందో డి.ఎన్.ఎ. చెప్పదు. ఆ మాట ఒప్పుకోవడం కూడా శిక్షణలో భాగమే.

2024 జూలై 1న అమలులోకి వచ్చిన కొత్త చట్టం, ఏడేళ్ళూ అంతకు మించీ శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వెళ్ళాలంటోంది. దాన్ని అమలుచేయడానికి రాష్ట్రాలకు అయిదేళ్ళ గడువిచ్చింది. మరి ఇంకా ఎంతమంది కావాలో ఆలోచించండి.

మీ అమ్మాయి ఈ చదువు చదువుతానంటే, "ఆ రక్తాలూ శవాలూ మనకెందుకమ్మా" అని వారించకండి. ఒక తల్లి బిడ్డ నిర్దోషిగా ఇంటికి రావడం, ఇంకో తల్లి బిడ్డకు న్యాయం జరగడం అలాంటి శుభ్రమైన చేతులమీదే ఆధారపడి ఉన్నాయి.