పునరుజ్జీవన యుగ మహాకావ్యములు – నౌకాయుద్ధ వర్ణనము

వీరరసప్రధానమైన మహాకావ్యమునకు యుద్ధవర్ణనము ముఖ్యాంగము. వీరుడు వీరుని పేరుపెట్టి పిలిచి, తన కులమును బలమును చాటుకొని, ఎదురుగా నిలిచి పోరాడుట ఆ వర్ణనమునకు ప్రాణము. అయితే 16వ శతాబ్దినాటికి ఐరోపాఖండమున యుద్ధస్వరూపము మారిపోయెను. ఫిరంగి ఓడ నెక్కెను. పేరు తెలియని యొకడు దూరమునుండి మందు ముట్టించినంతనే ఎంతటి శూరుడైనను క్షణములో కూలుచుండెను. ఇట్టి మరణమును వీరకావ్యమున నెట్లు వర్ణింపవలెను? ఈ ప్రశ్నకు ఆ యుగమునందలి మువ్వురు కవులు చూపిన సమాధానములను ఇచట పరిశీలింపదలచితిమి.

ఈ కవులకు మార్గదర్శి రోమక మహాకవి వర్జిల్. క్రీ. పూ. 31లో, తన జీవితకాలముననే జరిగిన ఆక్టియం నౌకాయుద్ధమును అతడు ప్రాచీనకథలోనికి సూటిగా తీసికొని రాలేదు. 'ఏనియిడ్' ఎనిమిదవ సర్గమున, కథానాయకునకు దేవత యొసగిన డాలుమీద దానిని భవిష్యద్వృత్తాంతముగా చిత్రించెను. కవికి గతమైనది కథలోనివారికి భవిష్యత్తు. సమకాలిక యుద్ధమునకు పురాణగౌరవమును కల్పించు ఈ యుక్తి తరువాతి కవులకు ఎంతయు నుపకరించినది.

మొదట ఇటలీకవి అరియోస్తోను గైకొందము. ఇతని 'ఓర్లాందో ఫురియోసో' 1516లో వెలువడి, 1532లో విస్తృతరూపమును దాల్చెను. కథాకాలము షార్లమేన్ చక్రవర్తినాటిది. అప్పటికి తుపాకి లేదు. అయినను 1532 నాటి ప్రతియందు చేర్చిన ఒక ఉపాఖ్యానమున, ఒక దుష్టరాజు చేతిలోని తుపాకిని నాయకుడు గెలుచుకొని, శపించి, నడిసముద్రమున పారవేయును. అది మరల పైకి వచ్చి లోకమున వ్యాపించెననియు, దానివలన శౌర్యమునకు విలువ నశించెననియు కవి వాపోవును. కాని ఆ కవి నాశ్రయించిన ఫెర్రారా ప్రభువులు ఫిరంగులకు పేరుగాంచినవారు. 1509 డిసెంబరులో పొలెసెల్లా వద్ద, పో నదిమీద, వెనీసు నౌకాదళమును కవి ప్రభువైన కార్డినల్ ఇప్పోలితో ఫిరంగులతోనే ధ్వంసము చేసెను. నలుబదవ సర్గారంభమున ఆ విజయమును స్తుతించుచు, ఆ సమయమున తాను అచట లేనని కవి చెప్పుకొనెను. ఆయుధమును శపించిన నోటితోనే, ఆ యాయుధము సాధించిన జయమును పొగడవలసివచ్చెను. ఇతని కావ్యమున ఈ వైరుధ్యము తీరలేదు.

రెండవవాడు స్పెయిను కవి ఎర్సిల్లా. చిలీ దేశమున అరౌకానియనులతో పోరాడిన సైనికు డితడు. ఆ యుద్ధమే ఇతని 'లా అరౌకానా' కావ్యమునకు వస్తువు. అది 1569, 1578, 1589లలో మూడు భాగములుగా వెలువడెను. రెండవ భాగమున, ఇరువదినాల్గవ సర్గమున, ఒక మాంత్రికుడు కవికి స్ఫటికగోళమును చూపును. అందు లెపాంతో యుద్ధము గోచరించును. 1571 అక్టోబరు 7న గ్రీసుతీరమున స్పెయిను, వెనీసు, పోపుల కూటమికిని తురుష్కులకును జరిగిన ఈ సమరమున ఇరువైపుల రెండేసి వందలకు పైగా తెడ్ల యోడలు పాల్గొనెను. చిలీ అడవులలోనున్న సైనికునకు మధ్యధరా సముద్రమును చూపుటకు వర్జిల్ డాలు స్ఫటికగోళముగా మారెను.

ఇచట ఓడల నిర్మాణమును గమనింపవలెను. తెడ్ల యోడకు ప్రక్కల తెడ్లుండుటచే పెద్ద ఫిరంగులను ముందుభాగముననే అమర్చెడివారు. వాటిని ఒకటి రెండు మారులు కాల్చునంతలో ఓడలు ఒకదానినొకటి తాకును; పిమ్మట సైనికులు శత్రువుల యోడమీదికి దుమికి కత్తులతో పోరాడుదురు. కనుక లెపాంతోలో ఫిరంగులు మ్రోగినను, ఓడబల్లలే రణరంగములయ్యెను. సేనాపతుల ప్రసంగములు, ముఖాముఖి పోరాటములు మున్నగు ప్రాచీన సామగ్రి ఎర్సిల్లాకు ఇంకను పనికివచ్చెను.

మూడవవాడైన పోర్చుగీసు కవి కమోయెన్స్‌కు ఆ సౌకర్యము లేకపోయెను. 1553లో సైనికుడుగా భారతదేశమునకు బయలుదేరిన ఇతడు ఎరిగిన యుద్ధము తెరచాప యోడల మీది ఫిరంగియుద్ధము. 1572లో ప్రకటితమైన 'ఓస్ లూసియదస్' పదవ సర్గమున, వాస్కోడగామా పరివారమునకు జరిగిన విందులో ఒక జలకన్య రానున్న యుద్ధములను గానము చేయును. వానిలో 1508 నాటి చౌల్ యుద్ధ మొకటి. ఈజిప్టు, గుజరాతు నౌకాబలముల నెదుర్కొనుచు, రాజప్రతినిధి ఫ్రాన్సిస్కో ద అల్మైదా కుమారుడు లోరెన్సో అందు మరణించెను. ఒక గుండు అతని తొడను చీల్చుకొని పోవును. ఆ గుండును కవి గ్రుడ్డిదిగా భావించెను. అయినను వీరుడు లొంగక పోరాడుచుండగా మరియొక గుండు ప్రాణము తీయును. చంపినవాని పేరు లేదు, ముఖము లేదు. ప్రతివీరుడు లేని ఈ పోరాటమున శౌర్యము ప్రహారమునుండి సహనమునకు మారినది. అరియోస్తో శపించిన యాయుధమును కమోయెన్స్ శపింపలేదు. దాని యెదుట మానవుడు చూపగల ధైర్యమును మాత్రము నిరూపించెను. మూడింటిలో ఇదియే పరిణతమైన సమాధానమని మా యభిప్రాయము.

అయితే ఈ వెలుగు ఒకవైపుననే ప్రసరించినది. కుమారుని చావునకు పగతీర్చుకొనుటకై బయలుదేరిన అల్మైదా, 1509 ఫిబ్రవరిలో దివు వద్ద జయించుటకు ముందే, దాభోల్ పట్టణమును దగ్ధము చేసి పౌరులను సంహరించెను. కావ్యమున అది సంపన్ననగరముమీద కత్తిని పరీక్షించుటగా, దాని గర్వమణచుటగా మాత్రమే కనబడును. పుత్రుని యొక్క తొడకు కన్నీరు కార్చిన కవి ఆ పట్టణపు శిశువులను తలపలేదు. పోర్చుగీసువారి చేత మలబారు ప్రజలు పడిన బాధలను తెలిసికొనగోరువారు ఆ శతాబ్దముననే షేక్ జైనుద్దీన్ మఖ్దూం అరబ్బీ గద్యమున రచించిన 'తుహ్ఫతుల్ ముజాహిదీన్' అను చరిత్రను చూడవలెను.

దివు యుద్ధము జరిగిన 1509లోనే శ్రీకృష్ణదేవరాయలు రాజ్యమునకు వచ్చెను. 'ఆముక్తమాల్యద' చతుర్థాశ్వాసమునందలి రాజనీతిలో సముద్రము రణరంగము కాదు. రేవులను బాగుచేయుట, ఏనుగులను గుఱ్ఱములను తెచ్చు దూరదేశపు వర్తకులను ఆదరించి, అవి శత్రువులకు దక్కకుండునట్లు చూచుట అందలి బోధ. ఒకే సముద్రమును ఒక కవి ఫిరంగి ప్రక్కనుండి చూచెను; మరియొక కవి రేవునుండి చూచెను.

యుద్ధసాధనము మారినప్పుడు వీరుని నిర్వచనముకూడ మారక తప్పదని ఈ మూడు కావ్యములు తెలుపుచున్నవి. గుండు గ్రుడ్డిదని కమోయెన్స్ గ్రహించెను. కావ్యదృష్టికూడ అట్లే కొన్ని శవములను చూడకుండ సాగిపోవచ్చునని, దాభోల్ విషయమున అతని మౌనమే మనకు చెప్పుచున్నది.