బొడ్డు ఉబ్బింది, పాలు కక్కుతున్నాడు – ఎప్పుడు భయపడాలి?

చేవెళ్ళ, మొయినాబాద్ చుట్టుపక్కల ఊళ్ళ నుండి చంటిపిల్లలను తీసుకొచ్చే తల్లులు తరచుగా రెండు బాధలను కలిపి చెబుతారు. "బాబుకు బొడ్డు ఉబ్బింది డాక్టరు గారూ, అందుకే తాగిన పాలు తాగినట్టే కక్కేస్తున్నాడు." పక్కనున్న నాయనమ్మ బట్ట విప్పి చూపిస్తుంది. బొడ్డు మీద రూపాయి బిళ్ళ, దాని చుట్టూ బిగించి కట్టిన గుడ్డ.

ఈ రెండూ పసిపిల్లల్లో చాలా మామూలు విషయాలే. అందుకే ఒకే బిడ్డలో రెండూ కనిపించడం వింత కాదు. అయితే బొడ్డు ఉబ్బు వల్ల వాంతులు కావడం మాత్రం బహు అరుదు. అందరి దృష్టీ బొడ్డు మీదే ఉంటే, వాంతిలో కనబడే అసలు ప్రమాదాన్ని గమనించకుండా పోతాం.

బొడ్డు ఎందుకు ఉబ్బుతుంది?

తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ పొట్ట కండరాల మధ్య ఉన్న చిన్న రంధ్రం గుండా బొడ్డుతాడు వెళుతుంది. పుట్టిన తర్వాత ఆ రంధ్రం నెమ్మదిగా మూసుకుంటుంది. అది మూసుకునే లోపల బిడ్డ ఏడ్చినా, ముక్కినా, దగ్గినా లోపలి పేగు కొద్దిగా బయటకు తోసుకొస్తుంది. దీన్నే బొడ్డు హెర్నియా అంటారు. బిడ్డ నిద్రపోతే ఉబ్బు తగ్గుతుంది. వేలితో మెల్లగా నొక్కితే లోపలికి పోతుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో, తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్లో ఇది ఎక్కువ.

బొడ్డు కోసిన నర్సు తప్పు వల్ల ఇది రాదు. బాలింత తిన్న తిండి వల్ల రాదు. బిడ్డను ఏడవనిచ్చినందువల్ల కూడా రాదు. కాబట్టి ఎవరినీ నిందించవద్దు. చాలామందిలో రెండేళ్ళ లోపు దానంతట అదే మూసుకుంటుంది. కొందరిలో నాలుగైదేళ్ళు పడుతుంది. అప్పటికీ మూసుకోకపోయినా, రంధ్రం బాగా పెద్దదైనా చిన్న ఆపరేషన్‌తో సరిచేస్తారు.

బిళ్ళ కట్టవచ్చా?

వద్దు. బిళ్ళ కట్టినందువల్ల రంధ్రం త్వరగా మూసుకోదు. చర్మం ఒరుసుకుపోయి పుండు పడుతుంది, చీము పడుతుంది. పొట్ట చుట్టూ బిగించి కడితే కడుపు మీద ఒత్తిడి పెరిగి పాలు ఇంకా ఎక్కువగా కక్కే అవకాశం ఉంది. బొడ్డు మీద వాతలు పెట్టించడం మరీ ప్రమాదం. పుండు నుండి విషక్రిములు రక్తంలో చేరితే పసిబిడ్డ ప్రాణానికే ముప్పు.

అయితే ఈ మూడు సందర్భాల్లో డాక్టరుకు తప్పక చూపించండి.

1. బొడ్డు ఉబ్బు గట్టిపడి, లోపలికి పోకుండా, ఎర్రగా లేదా నల్లగా మారి, ముట్టుకుంటే బిడ్డ ఏడుస్తుంటే వెంటనే రండి. పేగు ఇరుక్కుపోయి ఉండవచ్చు. బొడ్డు ఉబ్బు వల్ల వాంతులయ్యేది ఇలాంటప్పుడే.

2. ఉబ్బు బొడ్డు దగ్గర కాక గజ్జల్లో ఉంటే, నొప్పి లేకపోయినా ఆలస్యం చేయవద్దు. ఇది తనంతట తాను మానదు. త్వరలోనే ఆపరేషన్ అవసరమవుతుంది.

3. బొడ్డు ఉబ్బుతో పాటు మలబద్ధకం, మందమైన నాలుక, బొంగురు ఏడుపు, ఎప్పుడూ మగత, ఎంతకూ తగ్గని పసికామెర్లు ఉంటే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించాలి. మందు ఆలస్యమైతే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది.

మామూలుగా పాలు కక్కడం

అన్నవాహికకూ కడుపుకూ మధ్య తలుపులాంటి కండరం ఉంటుంది. పసిపిల్లల్లో అది ఇంకా వదులుగానే ఉంటుంది. బిడ్డ ఎప్పుడూ పడుకునే ఉంటాడు, తాగేదంతా పాలే. అందుకే కొద్దికొద్దిగా పైకి వస్తాయి. పెరుగు తరకల్లా కనిపిస్తే భయపడవద్దు, కడుపులో పాలు విరగడం సహజం. నాలుగో నెల ప్రాంతంలో ఇది ఎక్కువగా ఉండి, బిడ్డ కూర్చోవడం నేర్చుకునే కొద్దీ తగ్గుతుంది. ఏడాది నిండేసరికి చాలామందిలో పోతుంది.

ఇది మామూలుదే అని తెలుసుకోవడానికి మంచి సాక్షి తూకం. పుట్టిన కొత్తలో కొద్దిగా తగ్గిన బరువు రెండు వారాల్లోగా తిరిగి రావాలి. ఆ తర్వాత మొదటి మూడు నెలలు రోజుకు సుమారు 20 నుండి 30 గ్రాములు పెరగాలి. అంగన్‌వాడీలో తూకం వేయించి కార్డులో రాయించండి. బిడ్డ బరువు పెరుగుతూ, హుషారుగా ఉంటే మందు అవసరం లేదు.

ఇంట్లో ఈ జాగ్రత్తలు చాలు. పాలు పట్టాక 20 నిమిషాలు భుజాన వేసుకుని త్రేన్పు రానివ్వండి. ఒకేసారి ఎక్కువ కాకుండా కొద్దికొద్దిగా పట్టండి. పాలు తాగిన వెంటనే నూనె రాసి, కాళ్ళ మీద వేసుకుని స్నానం పోయవద్దు. స్నానం అయ్యాకే పాలు పట్టండి. పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టండి. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప వస, తేనె, గ్రైప్ వాటర్ ఏవీ వద్దు.

ఈ వాంతులు వేరు

ఆకు పసరులా ఆకుపచ్చని వాంతి: ఇది అన్నింటికంటే ప్రమాదకరం. పేగు మెలి తిరిగి పైత్యరసం వెనక్కి వస్తుండవచ్చు. రక్తం అందక కొన్ని గంటల్లోనే పేగు చచ్చుబడిపోతుంది. తెల్లవారేదాకా ఆగవద్దు. నోటి ద్వారా ఏమీ పట్టకుండా బయలుదేరండి. వాంతి అంటిన గుడ్డను కూడా తీసుకురండి. దాని రంగే డాక్టరుకు సగం విషయం చెబుతుంది.

దూరంగా చిమ్మే వాంతి: మూడు నుండి ఆరు వారాల వయసులో, ముఖ్యంగా మగపిల్లల్లో, పాలు తాగిన ప్రతిసారీ చిమ్మినట్టు కక్కి, వెంటనే మళ్ళీ ఆకలితో ఏడుస్తుంటే కడుపు కింది ద్వారం మందమై ఉండవచ్చు. బిడ్డ రోజురోజుకూ చిక్కిపోతాడు. జర్మనీ సర్జన్ రామ్‌స్టెట్ 1912లో ప్రకటించిన పద్ధతిలోనే నేటికీ దీనికి ఆపరేషన్ చేస్తున్నారు. బిడ్డ పూర్తిగా కోలుకుంటాడు.

కాళ్ళు ముడుచుకుని ఆగి ఆగి కేకలు, వాంతులు, రక్తంతో కలిసిన జిగట విరేచనం: పేగులోకి పేగు దూరి ఉండవచ్చు.

వాంతితో పాటు జ్వరం, మగత, పొట్ట ఉబ్బరం, మాడు ఉబ్బడం లేదా గుంట పడటం, ఆరేడు గంటలు మూత్రం రాకపోవడం, వాంతిలో రక్తం: వీటిలో ఏది ఉన్నా అదే రోజు, అదే గంటలో ఆసుపత్రికి రావాలి.

ఇలాంటి బిడ్డకు పిల్లల సర్జన్ అవసరం పడవచ్చు. హైదరాబాదులో 1953 నుండి ఉన్న నీలోఫర్ పిల్లల ఆసుపత్రిలో ఆ వసతి ఉంది. ఊళ్ళో బండి దొరకలేదని ఆగిపోవద్దు. 108కి ఫోన్ చేయండి, అంబులెన్సు ఉచితం. బయలుదేరే ముందు బిడ్డకు వెచ్చగా బట్ట చుట్టండి, తూకం కార్డు వెంట తెచ్చుకోండి.

బొడ్డు ఉబ్బుకు నెలలూ, ఏళ్ళూ వేచి చూడవచ్చు. ఆకుపచ్చ వాంతికి ఒక్క రాత్రి కూడా వేచి ఉండకూడదు. బిడ్డను చూసుకునేది ఎక్కువగా ఇంట్లో పెద్దవాళ్ళే కాబట్టి, ఈ పేజీని నాయనమ్మలకూ, అమ్మమ్మలకూ తప్పక చదివి వినిపించండి.