హీరో స్పృహ తప్పాడు... సినిమా బతికింది!

క్లైమాక్స్. విలన్ డెన్. ఎదురుగా కత్తులు పట్టుకున్న గ్యాంగ్. హీరో గట్టిగా ఓ కేక పెట్టి తుపాకీ పైకెత్తి పేల్చాడు. పైకప్పు పెచ్చులూడి సరిగ్గా ఆయన నెత్తి మీదే పడ్డాయి. అంతే, ఫ్లాట్! ఆయన లేచేలోపు ఫ్రెండ్ కత్తి దూసి ఫైట్ మొదలెట్టేశాడు.

ఇంజినీరింగ్ హాస్టల్లో, ఎవరిదో హార్డ్ డిస్క్‌లో దొరికిన ‘బిగ్ ట్రబుల్ ఇన్ లిటిల్ చైనా’ చూస్తూ ఈ సీన్‌కి పడీపడీ నవ్వాం. ఒక్క గుద్దుకి పదిమంది గాల్లోకి లేచే ఫైట్లు చూసి పెరిగినవాళ్లం మరి!

1986లో జాన్ కార్పెంటర్ తీసిన సినిమా ఇది. జాక్ బర్టన్ (కర్ట్ రస్సెల్) ఓ లారీ డ్రైవర్. నోరు ఎక్కువ, పని తక్కువ. శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో ఉండే అతని ఫ్రెండ్ వాంగ్ (డెనిస్ డన్) పెళ్లాడబోయే అమ్మాయిని ఎయిర్‌పోర్టులోనే ఎత్తుకుపోతారు. ఆమెవి ఆకుపచ్చ కళ్లు. రెండు వేల ఏళ్ల నాటి మాంత్రికుడు లో పాన్ (జేమ్స్ హాంగ్) శాపం తీరాలంటే అలాంటి కళ్లున్న అమ్మాయినే పెళ్లి చేసుకోవాలి. మన జానపద సినిమాల మాంత్రికుడు గుర్తొచ్చాడా? అదే టైపు! పిడుగులు కురిపించే యోధుడు, ఒళ్లంతా కళ్లతో గాల్లో తేలే తలకాయ... లాజిక్ అడిగితే ఒట్టు. హాంకాంగ్ ఫాంటసీ సినిమాలంటే కార్పెంటర్‌కి పిచ్చి. ఆ పిచ్చంతా ఇందులో కనిపిస్తుంది.

కానీ థియేటర్లో జనం లేరు. అమెరికాలో వచ్చింది 1.1 కోట్ల డాలర్లే. ఖర్చు దానికి దాదాపు రెట్టింపు. రెండు వారాలకే ‘ఏలియన్స్’ దిగింది. చైనాటౌన్‌ని మంత్రాలు, ముఠాల అడ్డాగా చూపించారన్న విమర్శలూ వచ్చాయి. అందులో నిజం లేకపోలేదు. ఆ తర్వాత కార్పెంటర్ పెద్ద స్టూడియోని వదిలి చిన్న బడ్జెట్ సినిమాలకి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత వీడియో క్యాసెట్లే ఈ సినిమాని బతికించాయి. ‘మోర్టల్ కోంబాట్’ ఆడారా? అందులో పెద్ద టోపీ పెట్టుకుని మెరుపులు విసిరే రైడెన్‌కి మూలం ఇందులోని పిడుగుల యోధుడే. లో పాన్‌గా చేసిన జేమ్స్ హాంగ్‌కి 2022లో, 93 ఏళ్ల వయసులో, హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్‌లో స్టార్ దక్కింది.

నాకు అసలు కిక్ ఇచ్చింది మాత్రం వేరే. ఇది ‘నేనే హీరో’ అనుకునే సైడ్‌కిక్ కథ. దెబ్బలాడేది, దారి తెలిసినవాడు, ప్రేమించినవాడు అన్నీ వాంగే. స్టూడియోకి ఇది మింగుడుపడలేదు. జాక్ గొప్పోడని ఓ పెద్దాయన చెప్పే సీన్‌ని మొదట్లో పెట్టించింది. చివర్లో లో పాన్‌ని చంపేది జాకే అనుకోండి. అదీ మొదటి కత్తి గురి తప్పాక, మూతికి లిప్‌స్టిక్ మరకతో!

ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది, ఓ రిలీజ్ రాత్రి ‘నేను చూసుకుంటా’ అని కాలర్ ఎగరేశా. తప్పు స్క్రిప్ట్ రన్ చేసి మొత్తం పడగొట్టా. తెల్లారేదాకా కూర్చుని నిలబెట్టింది పక్క సీటువాడు. ఎక్కువ మాట్లాడడు. పొద్దున్నే వచ్చిన మెచ్చుకోలు మెయిల్లో మొదటి పేరు నాది. నేను సరిచేయలేదు. థ్యాంక్స్ అని రిప్లై పెట్టా.

నిరుడు ఈ సినిమా మళ్లీ చూశా. మొదటి సీన్లో ఆ పెద్దాయన జాక్‌ని పొగుడుతుంటే నవ్వు రాలేదు. ఆ మెయిలే గుర్తొచ్చింది. సినిమా అయ్యాక వాడికి మెసేజ్ పెట్టా... ‘ఆ రాత్రి ఫైట్ చేసింది నువ్వేరా’ అని. ‘ఏ రాత్రి?’ అన్నాడు. వాడు మర్చిపోయాడు!

ఈ వీకెండ్ చూడండి. ఫస్ట్ టైం జాక్‌ని చూసి నవ్వుకోండి. రెండోసారి వాంగ్‌ని చూడండి.