ఫొటో వెనక ‘ఫే’

ఛత్తాబజార్‌లో పెళ్లికార్డుల ప్రెస్సుల మధ్య ఉర్దూ రాతపని చేసే ఓ కాతిబ్ సాబ్ కూర్చునేవాడు. పుష్కరం కిందటి మాట. మా ఇంటి పాత ఫొటో తీసుకెళ్లి చేతికిస్తే ఆయన బొమ్మ వంక చూడనే లేదు. తటాలున వెనక్కి తిప్పి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, అట్టను ముక్కు దాకా తెచ్చుకున్నాడు.

వెనక పెన్సిలు రాత, ఉర్దూలో. అందులో 1337 అనే అంకె ఉందని మా ఇంట్లో అందరికీ తెలుసు. హిజ్రీ సంవత్సరమని ఎప్పుడో ఎవరో చదివి చెప్పారు. అంటే 1918–19. అప్పటికి మా అమ్మమ్మ పుట్టలేదు. మరి ఫొటోలో ఆమె తల్లి ఒడిలో కళ్లు చికిలించి చూస్తున్న పసిపిల్ల ఎవరు? అమ్మమ్మకు ముందు పుట్టి పోయిన పెద్దబిడ్డ అయ్యుంటుందని ఇంటిల్లిపాదీ తేల్చేశారు. కాదనడానికి ఎవరున్నారు? తల్లి ఎప్పుడో పోయింది, అన్నదమ్ములు లేరు, తాత ఇల్లరికం వచ్చినవాడు. గౌలిపురాలోని ఆ ఇంట్లో ఏటా పెత్రమాసకు పెద్దలకు బియ్యమిచ్చేటప్పుడు అమ్మమ్మ ఆ పాప పేరిట ఓ గుప్పెడు ఎక్కువ పోసేది. తన అక్క కదా!

పాతబస్తీ ఫొటోలతో వచ్చే చిక్కే ఇది. మొహాలు కనిపిస్తాయి, పేర్లుండవు. బట్టలను బట్టి చెబుదామంటే అదీ కుదరదు. సర్కారు కొలువులో ఉన్న తెలుగువాడూ షేర్వానీ తొడిగి రూమీ టోపీ పెట్టేవాడు. మా ముత్తాతను చూసి నవాబు సాహెబు అనుకున్న చుట్టాలున్నారు.

అందుకే ఫొటో కన్నా అట్ట ఎక్కువ మాట్లాడుతుందంటాను. రాజా దీన్‌దయాళ్ స్టూడియో అట్టనే తీసుకోండి. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్ మీదుగా ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానానికి చేరినవాడు ఆయన. ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ బిరుదు 1894లో వచ్చింది. బొంబాయి స్టూడియో 1896లో తెరిచాడు. అట్ట మీద పేరు ముందు ‘రాజా’ ఉంటే ఒక లెక్క, కింద బొంబాయి కూడా ఉంటే ఇంకో లెక్క. ఈ సంగతి తెలియక, స్కానింగ్‌కని మేమిచ్చిన మరో ఫొటో అట్టను ఒక స్టూడియోవాడు మాసిపోయిందని నీటుగా కత్తిరించి, లామినేషన్ చేసి మరీ ఇచ్చాడు. ఫొటో తళతళలాడుతోంది. తారీఖు చెత్తబుట్టలో పడింది.

దీన్‌దయాళ్ గాజు పలకలు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించింది. దర్బార్లు, షికార్లు, మహళ్లు. ఖిల్వత్‌లో చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినా గోడల నిండా ఆ వైభవమే. మన తాతల్లాంటివాళ్లు అలాంటి బొమ్మల్లో ఉంటే గింటే గొడుగు పట్టుకునో, గుర్రం కళ్లెం పట్టుకునో ఉంటారు. నేను అక్కడికి వెళ్తే చూసేది ఆ అంచులే.

ఆడవాళ్ల కోసం దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో పెట్టాడు. ఎత్తైన గోడల మధ్య కెన్నీ లెవిక్ అనే దొరసాని అక్కడి పని చూసుకునేది. మొగపురుగు కంటపడకుండా ఫొటో దిగి వెళ్లొచ్చు. అయినా ఆనాటి ఆడవాళ్ల పేర్లు కావాలంటే ఫొటోల వెంట కాదు, కాగితాల వెంట పడాలి. తార్నాకలోని రాష్ట్ర పురాలేఖల కార్యాలయంలో నిజాం దఫ్తర్లున్నాయి. ఇనాందారో మన్సబ్‌దారో కన్నుమూస్తే వారసులెవరని విచారణ జరిగేది. ఆ విరాసత్ మిసళ్లలో భార్యలు, బిడ్డలు పేరుపేరునా బయటికొస్తారు. కెమెరాకు చిక్కని పేర్లు కచేరీకి చిక్కాయన్నమాట.

ఇల్లెక్కడో తెలియాలంటే లియోనార్డ్ మన్ పటాలున్నాయి. 1912–15 నడుమ గల్లీగల్లీ కొలిచి గీసినవి. బావులు, చెట్లు కూడా వదల్లేదు. కృష్ణస్వామి ముదిరాజ్ 1929లో, 1934లో తెచ్చిన ‘పిక్టోరియల్ హైదరాబాద్’ సంపుటాలు పేరున్నవాళ్లకు పనికొస్తాయి. మాలాంటివాళ్లకు అంతంతమాత్రం.

అసలు చాలా ఇళ్లలో వెతకడానికి ఏమీ మిగల్లేదు. 1908 సెప్టెంబరు 28 మూసీ తుగ్యానీ, అంటే వరద, ఇళ్లతోపాటు పెట్టెలనూ ఊడ్చుకుపోయింది. కవి అంజద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, బిడ్డను ఆ ఒక్కరోజే పోగొట్టుకున్నాడు. బతికినవాళ్లు వయసులను దానితోనే కొలిచారు. మా అమ్మమ్మ కూడా అంతే. పుట్టిన తేదీ అడిగితే “మూసీ ఊరి మీదికొచ్చిన ఇరవై ఏండ్లకు” అనేది.

కాతిబ్ సాబ్ దగ్గరికొస్తాను. ఆయన వేలి గోరు అంకె చివర ఆగింది. “యే హిజ్రీ నహీ, బేటా. దేఖో, ఫే హై.” హిజ్రీ అయితే ‘హే’, ఈస్వీ అయితే ‘ఐన్’, ఫస్లీ అయితే ‘ఫే’. ఈగ కాలంత అక్షరం. ఫస్లీ నిజాం సర్కారు పద్దుల సంవత్సరం. దానికి 590 కలిపితే మన లెక్క వస్తుంది. కలిపాను. 1927. పక్కనే ఖుర్దాద్ అని నెల పేరు కూడా చదివాడు. అక్టోబరులో మొదలయ్యే ఫస్లీలో అది ఏడో నెల కాబట్టి 1928 ఎండాకాలం.

తుగ్యానీకి ఇంచుమించు ఇరవై ఏళ్లు.

గౌలిపురాకు ఆటోలో వచ్చి, మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతున్న అమ్మమ్మ చేతిలో ఫొటో పెట్టాను. “ఆ పిల్లవి నువ్వేనట అమ్మమ్మా.” చాలాసేపు చూసింది. చీర చెంగుతో ఓసారి తుడిచి, మళ్లీ చూసింది.

“గట్లనా? మరి గిన్నేండ్లు బియ్యం ఎవరికి పోసిన్రా?”

ఆ ఏడు పెత్రమాసకు కూడా గుప్పెడు ఎక్కువే పోసింది.