వంటయింటి తునుకలు – పెరటి మొలకలు

గోదావరి పొంగినప్పుడు భద్రాచల ప్రాంతమువారికి కూరగాయల విలువ తెలియును. 1986 ఆగష్టులో నది యిచ్చట 75.6 అడుగులవరకును, 2022 జూలైలో 71.3 అడుగులవరకును పెరిగెను. ఆ రెండవ వరదలో వంతెనమీద రాకపోకలు నిలుపబడెను. దారి మూసికొనిపోయినచో, నీరు గడప దాటని యిండ్లకు సైతము సరకు రాదు. అట్టి దినములకై మనము పారవేయు తునుకలయందు కొంత కూర దాగియున్నదని చెప్పుటకే యీ వ్యాసము.

తునుక మొలచుటకు కారణమేమి? మొక్క మరల పెరుగుటకు మొగ్గయును, దానికి తొలిదినములలో నిలువయున్న ఆహారమును కావలెను. ఉల్లిగడ్డ యడుగునగల గట్టి బిళ్లయే దాని కాండము, పొరలు ఆకులు. ఆ బిళ్లను అంగుళము మందమున కోసి తేమమట్టిలో నాటినచో వేళ్లు క్రిందికిని, ఆకులు పైకిని వచ్చును. అల్లము, పసుపు, చేమదుంప వేళ్లు కావు. భూమిలో నుండు కాండములు. వాని కన్నులే మొగ్గలు. కన్నుగల అల్లపుముక్కను తొలకరికి ముందు నాటినచో ఎనిమిది తొమ్మిది నెలలకు త్రవ్వుకొనవచ్చును. పుదీన, తీగబచ్చలి కాడలకు కణుపులయొద్ద వేళ్లు పుట్టును.

అయితే ఆశకు మేర యుండవలెను. ముల్లంగి తలను నాటి మరల దుంపకై యెదురుచూచు పిల్లలను మేమెరుగుదుము. ఆ దుంప మొక్కయొక్క తల్లివేరు. కోసిన పిమ్మట మరల ఊరదు. తలనుండి వచ్చునది ఆకును, తరువాత పువ్వును మాత్రమే. ముల్లంగియాకు కూరకు పనికివచ్చును గావున నష్టము లేదు. పచ్చబారిన బంగాళాదుంపను నాటవచ్చును గాని తినరాదు. అందు విషము కలదు.

మరియొక హెచ్చరిక. మన మన్యపు సరిహద్దులలో మలేరియా జ్వరము క్రొత్తది కాదు. నిలువనీటిలో దోమగ్రుడ్డు వారము పదిదినములలో రెక్కల దోమ యగును. కాడలుంచిన నీటిని దినదినము పారబోసి, పాత్రను తోమి, వేళ్లు అంగుళము పెరుగగానే మట్టిలోనికి మార్చవలెను. అడుగున రంధ్రముగల కుండనే వాడి, దానిని ఎత్తైన అరుగుమీద నుంచవలెను.

దీనివలన సంతకు పోవుట మానదు. కాని వరదనాడు పిడికెడు పుదీనయు, గుప్పెడు ఉల్లికాడలును గంజిమెతుకులకు రుచినిచ్చును. తల్లులారా! కత్తిపీట ప్రక్క నొక చిప్ప నుంచుడు. విద్యార్థులారా! వానలకు ముందే యొక్కొక్క తునుక నాటి, వేరు ఏనాడు, ఆకు ఏనాడు వచ్చెనో వ్రాసికొనుడు. ఎండిపోయినదానినిగూడ వ్రాయుడు, కారణము వెదకుటయే చదువు.