రెండవ గోల్‌కీపరు

కఱ్ఱ చేతబట్టి పరుగెత్తేవారిని లోకం చూస్తుంది. గోలు వాకిట నిలిచినవారిని, బంతి లోపలికి పోయినప్పుడు మాత్రమే చూస్తుంది. ఆ వాకిట నిలిచే అవకాశానికై ఏండ్లతరబడి వేచియుండే వ్యక్తిని గూర్చి మాత్రం ఎవరూ తలంచరు. అప్పటి చిత్తూరు జిల్లా ఎనుములవారిపల్లెలో 1990లో జన్మించి, భారత మహిళా హాకీ జట్టులో స్థానం గడించిన ఎతిమరపు రజని క్రీడాజీవితంలో అధికభాగం అట్టి నిరీక్షణయే.

12 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు గల ద్వారానికి ఒక్కరే కావలి. తక్కినవారు అలసినప్పుడు మార్చి మార్చి ఆడించవచ్చును. గోల్‌కీపరును మార్చడం అరుదు. ఆ స్థానంలో హర్యానాకు చెందిన సవిత అచంచలంగా నిలిచిన కాలమది. రజని అదే సాధన చేసింది. అవే దెబ్బలకు ఒళ్లు అప్పగించింది. కాని ఆటనాడు ఎక్కువసార్లు బయట కూర్చున్నది.

అయినా ఆ జట్టు విజయాలలో ఆమె పేరు ఉన్నది. 2017లో జపానులో చైనాను షూటౌటులో ఓడించి ఆసియా కప్పు గెలిచిన జట్టులోనూ, 2018లో జకార్తా ఆసియా క్రీడలలో రజతం పొందిన జట్టులోనూ, 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్తు క్రీడలలో కాంస్యం తెచ్చిన జట్టులోనూ ఆమె కలదు. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్సులో మన మహిళలు ఆస్ట్రేలియాను 1-0తో ఓడించి నాలుగవ స్థానం పొందినప్పుడు రజని రిజర్వు గోల్‌కీపరు మాత్రమే.

నిరీక్షణకు ఫలం లేకపోలేదు. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన తొలి హాకీ-ఫైవ్స్ ప్రపంచ కప్పుకు ఆమెయే నాయకురాలు. జట్టుకు ఐదుగురే ఆడే ఆట అది. గోల్‌కీపరుకు ఊపిరి సలపదు. అంతిమ పోటీలో నెదర్లాండ్స్ చేతిలో 2-7తో ఓడినా, భారతదేశం రెండవ స్థానంలో నిలిచింది.

ఈ కథ మన చల్లపల్లి వారికెందుకని అడుగవచ్చును. ఈ డెల్టాలో వరికోతకు ముందే చేలో మినుము చల్లుతారు. నేల కొన్ని దినాలైనా ఖాళీగా ఉండదు. ఆడపిల్లకు ఆటస్థలమంటే బడి ఆవరణయే. అందులోనూ సగం పిల్లవాండ్ర క్రికెట్టుకు పోతుంది. హాకీ సంగతి చెప్పనక్కరలేదు: 1976 మాంట్రియల్ ఒలింపిక్సు నాటినుండి పెద్దపోటీలు కృత్రిమ పచ్చికమీదికి మారినవి. అట్టి మైదానం పల్లెకు రాదు. పల్లెపిల్లయే ఇల్లు విడిచి దాని దగ్గరకు పోవాలి.

పంపే తల్లిదండ్రులు మొదట అడిగే ప్రశ్న, "ఆడుతుందా?" అని. ఆడకుండా కూర్చోవలసిన ఏండ్లకు ఎవరు జవాబుదారీ? పతకం తెచ్చినవారికి పూలమాలలున్నవి, బహుమతి ధనమున్నది. బెంచీమీది సంవత్సరాలకు మాత్రం భోజనం, చదువు, కొలువు అనే మూడూ ముందుగానే సమకూర్చాలి. అవి లేనిచోట రెండవ గోల్‌కీపరు తయారు కాదు. రెండవ గోల్‌కీపరు లేని జట్టులో మొదటి గోల్‌కీపరుకు పోటీయూ ఉండదు, విశ్రాంతియూ ఉండదు.

మన బడులలో క్రీడాదినోత్సవాలకు గెలిచిన పిల్లలను వేదికమీదికి పిలుస్తాము. ఏడాది పొడుగునా సాధనకు వచ్చి ఒక్క ఆటయైనా ఆడని బాలిక ఎవరో, ఆనాడు ఉపాధ్యాయులు ఒక్కసారి వెదకి చూడవలెను.